పాత్ర పీట

సెప్టెంబరు మొదటి ఆదివారం పొద్దున్నే లిదీ దాచిన పీట తీయడానికి వెళ్ళింది. చెస్ట్‌నట్ కాయలు ఆరబెట్టే పొగగదిలో పాత బస్తా లేదు. బస్తా అడుగున దాచిన పీటా లేదు.

ప్రభువు బల్ల దగ్గర వాడే ఆ తగరపు పాత్ర మూడు ముక్కలు: గిన్నె, కాడ, పీట. మరలు తిప్పితే ఒకటవుతాయి. తమ ఆరాధన నిషిద్ధమై, రాజుగారి సైనికులు ఇళ్ళు సోదా చేసిన కాలంలో ఊళ్ళో మూడిళ్ళు తలా ఒకటి దాచాయి. దాచిన చోటు ఇంట్లో ఒక్కరికే తెలియాలి. దెబ్బలకు ఎవరు నోరు జారతారో చెప్పలేం కదా. రాజులు పోయారు, సైనికులు పోయారు, కట్టుబాటు మాత్రం నిలిచింది. అప్పట్లో జనం లేని చోట చాటుగా చేసిన ప్రార్థనలకు గుర్తుగా ఏటా ఈ ఆదివారం జరిపే ఎడారి సభ నాడు లోయలోని చెట్ల కింద మూడు ముక్కలూ కలుస్తాయి.

అత్తగారు పోతూ పీటను లిదీ చేతిలో పెట్టింది. ఆనాటి నుంచి ఆమెకు కంటి నిండా నిద్ర లేదు. దొంగలనీ, వరదనీ, అగ్గినీ తలుచుకుని చోట్లు మారుస్తూనే ఉంది. ఇప్పుడు కూతురు సలొమేని అడగడానికీ లేదు. ఏం పోయిందని ఆ పిల్ల అంటే ఏం చెప్పాలి? పొగగదిలో చెవిపోగు వెతుకుతున్నానని బొంకి, చివరికి వట్టి చేతులతో సభకు బయల్దేరింది.

చెట్ల కింద జనం కిటకిటలాడుతున్నారు. గిన్నె తెచ్చిన అబేల్ తాత దగ్గరకు వెళ్ళి, తల వంచుకుని, పీట పోయిందని చెప్పింది.

"సైనికులకు దొరకనిది దొంగకెలా దొరికిందే? ఇంట్లో అడిగావా?" అన్నాడాయన.

"ఎలా అడగను తాతా? అడిగితే చోటు తెలిసిపోదూ?"

వెనకే నిలబడ్డ సలొమే, "పొగగదిలో పుచ్చిపోయిన కాయల బస్తానా అమ్మా? అది నిన్న పందుల దొడ్డి పక్కన పారేశాను" అంది.

ఇంటికెళ్ళి రావడానికి వ్యవధి లేదు, కీర్తన మొదలైపోయింది. ప్రసంగం సాగినంతసేపూ లిదీ కళ్ళకు పంది నమిలిన తగరమే కనపడింది. పీట లేని పాత్ర బల్ల మీద నిలవదు గనక దాన్ని దించకుండానే చేతి నుంచి చేతికి అందించారు. తన వంతుకు ఎక్కడ ఒలకబోస్తానోనని రెండు చేతులా పట్టుకుంది.

సభ ముగిశాక అబేల్ తాత మెల్లగా అన్నాడు: "దెబ్బలు కొట్టేవాళ్ళు పోయి ఎన్ని తరాలైందో. ఇంటికి ఇద్దరికి తెలియనివ్వమ్మా. నువ్వు రేపు గుటుక్కుమంటే మాకెవరు చెబుతారు?"

ఆ చివరి మాట లిదీకి సూదిలా గుచ్చుకుంది. అది తను ఇన్నాళ్ళూ భయపడ్డవాటి చిట్టాలో లేదు.

పొద్దు వాలకముందే తల్లీకూతుళ్ళు దొడ్డి పక్క బురద కెలికారు. బస్తాను పందులు చింపేశాయి. పీట మాత్రం సొట్ట పడకుండా బురదలోనే ఉంది. లిదీ దాన్ని కడిగి, గౌను అంచుతో తుడిచి, గోడలో వదులైన రాయి దగ్గరకు నడిచింది.

"అటు తిరగవే" అంది అలవాటుగా.

సలొమే వీపు తిప్పింది. లిదీ రాయి మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడింది.

"వద్దులే. ఇటు రా, బాగా చూడు. ఎవరితోనైనా అన్నావో, చంపేస్తాను."