బావ సిమ్ము

గాజు పలక మీద స్కేలు అదిమిపెట్టి కోత కలాన్ని ఒక్క గీతగా లాగాడు. సన్నగా కీచుమంది. పలకను బల్ల అంచుకు జరిపి ఒక్క విరుపు విరిచాడు. తెగింది కాని కొస దగ్గర పెచ్చు లేచింది. "ఛీ, పొద్దున్నే ఎవడి మొహం చూశానో!" అన్నాడు. చూసింది తన మొహమే. కొట్టు నిండా అద్దాలు, ఎటు తిరిగినా మాడిపోయిన ఆ ఒక్క మొహమే.

కొట్టు వెనక గదిలోనే అతని పడక, వంట. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక అక్క పెంచింది, అక్క పెళ్ళయ్యాక బావ ఈ పనిలో పెట్టాడు. అద్దాల పని ఒక్కడి వల్ల కాదు. కుడికొస ఇతనిది, ఎడమకొస బావది. కొట్టుకు ఒకటే ఫోను, అందులో ఇద్దరి సిమ్ములూ. ఎవరి చేయి ఖాళీగా ఉంటే వాళ్ళు ఎత్తేవారు. వీధిలోవాళ్ళు "మీ ఇద్దరికీ కడుపు కూడా ఒకటేనా?" అని ఆటపట్టించేవారు.

వానలకు ముందు ఒకరింట్లో పెద్ద అద్దం ఎక్కిస్తుంటే బావ తన కొస వదిలేశాడు. భళ్ళుమంది. ఇంటివాళ్ళ ముందే ఇతను నోరు పారేసుకున్నాడు. "అవి చేతులేనా? చేతకాకపోతే ఇంట్లో కూర్చో!" బావ కొట్టుకు వచ్చాక, గాజు కోసుకోకుండా అరచేతికి కట్టుకునే తోలు మేకుకు తగిలించి, ఫోనులోంచి తన సిమ్ము తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

పోతే పోనీ అనుకున్నాడు. రెండు రోజులకు కోపం కాస్త దిగి అక్కకు ఫోను చేశాడు. మోగకుండానే టక్కున కట్టయింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ అంతే. ఓహో, నా ఫోను రాకుండా చేశారన్నమాట! అరికాలి మంట నెత్తికెక్కింది. పోనీ బావకే చేస్తేనో? నేనెందుకు చేయాలి? అద్దం వదిలేసింది ఆయన, అలిగి పోయింది ఆయన, ఆయనే చేయాలి. అలాగని ఊరుకున్నాడా, ఊరుకోలేదు. రోజూ ఒకసారి అక్క నంబరు నొక్కడం, కట్టవగానే తిట్టుకోవడం. వానలు వెళ్ళిపోయి చలి వచ్చింది.

దానికి తోడు ఈ ఫోను ఒకటి చంపుకు తింటోంది. సిమ్ము పోయింది కాని దాని పేరు పోలేదు. మిగతా ఎవరికి చేయబోయినా "బావ", "నేను" అని రెండు పేర్లు చూపించి ఏది కావాలని అడుగుతుంది. వేలు జారి పైపేరు మీద పడిందా, కాల్ అక్కడికక్కడే చస్తుంది.

ఇవాళ దర్జీ కొట్టుకు నిలువుటద్దం చేర్చాలి. రెండో కొస పట్టడానికి బండివాణ్ణి బతిమాలి తెచ్చుకున్నాడు. "నిలువుగా పట్టు! గాజయ్యా బాబూ, మంచం కాదు!" అని దారంతా అరుస్తూనే ఉన్నాడు. తీరా వెళితే కొట్టు తలుపు మూసి ఉంది. అద్దాన్ని భుజానికి ఆనించుకుని ఒంటిచేత్తో దర్జీకి ఫోను చేయబోయాడు. వేలు బావ మీద పడింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ బావే.

"ఉన్నప్పుడు పట్టుకోవు, పోయాక వదలవు!" అని నడివీధిలో ఫోను మీద కేకలేశాడు. బండివాడు బిత్తరపోయాడు.

దర్జీ వచ్చి తలుపు తీశాక అద్దం బిగించి, నేరుగా ఫోన్ల కొట్టుకు వెళ్ళాడు. కౌంటరు వెనక కళ్ళజోడావిడ కూర్చుని ఉంది.

"ఈ పేరు తీసిపారేయండి. ఇక నా కంట పడకూడదు."

"సిమ్ము లేదండీ, వట్టి పేరు మిగిలింది," అంటూ ఆవిడ ఏవేవో నొక్కి, ఆగింది. "అక్క అని ఉంది చూడండి, ఈ నంబరుకు కాల్స్ వెళ్తున్నాయా?"

"ఎక్కడ! మోగకముందే కట్టవుతుంది. కావాలని రాకుండా చేశారు."

"ఎవరూ ఏమీ చేయలేదండీ. ఈ ఒక్క నంబరుకు ఎప్పుడూ బావ సిమ్ము మీదే చేయాలని మీ ఫోనులోనే పెట్టి ఉంది. ఆ సిమ్మే లేదాయె, ఇంక కాల్ ఎలా వెళ్తుంది?"

అలా పెట్టింది బావే. తన సిమ్ము మీద ఇంటికి మాట్లాడితే ఉచితమని, "మీ అక్కతో ఎంతసేపు వాగుతావో వాగు" అని నవ్వుతూ పెట్టాడు.

"తీసేయమంటారా?"

"తీసేయండి."

తెర మీద "నేను" ఒక్కటే మిగిలింది. అక్క నంబరు నొక్కాడు. ఇన్నాళ్ళకు మోగింది. దాచిపెట్టుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో!

"ఇప్పుడా నువ్వు చేసేది?" అంది అక్క.

"అక్కా, ఫోను వెళ్ళలేదే. ముందు బావకివ్వు, నాలుగు తిట్టాలి."



"మీ బావ పోయిన శుక్రవారం వెళ్ళిపోయాడ్రా. నరాల జబ్బు. చేతుల్లో మొదలై గొంతు దాకా వచ్చింది. నీకు చెప్పొద్దన్నాడు. కోపం తగ్గాక వాడే చేస్తాడన్నాడు. రోజూ నా ఫోను దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు."

"పోయాకైనా నాకొక్క మాట చెప్పాలని లేదా నీకు?" అని అరిచాడు. కళ్ళజోడావిడ మొహం తిప్పుకుంది.

"నీకా? ఎందుకు చెప్పాలి?"

"ఫోను వెళ్ళలేదక్కా..."

"ఫోను వెళ్ళకపోతే నువ్వు రాకూడదట్రా? మా ఇల్లు తెలీదా నీకు?" పెట్టేసింది.

కొట్టుకు వచ్చి బావను తిట్టాడు, చెప్పి చావొచ్చుగా అని. ఫోనును తిట్టాడు. ఆ తర్వాత అద్దాల్లో ఎటు చూసినా తననే చూస్తున్న ఆ మొహాన్ని, నోటికొచ్చినవన్నీ అయిపోయేదాకా తిట్టాడు. చొక్కా మార్చుకుని అక్క దగ్గరికి బయలుదేరాడు.

షట్టరు దించబోతుంటే మేకుకున్న తోలు కనిపించింది. ఆ చివరి రోజుల్లో బావ దాన్ని పట్టీతో పాటు బూటుతాడుతో కూడా చేతికి బిగించుకునేవాడు. "ఏమిటా పగ్గాలు, గొడ్డుకు కట్టినట్టు?" అని తను వెక్కిరించాడు కూడా. ముట్టుకోకుండా చూస్తూ నిలబడ్డాడు. ముడి మీద ముడి వేసిన ఆ తాడు ఇంకా బావ మణికట్టంత గుండ్రంగానే ఉంది.