నా పేరున వెళ్ళిన బీరు

మా ఆయన తేజేశ్వర్ మూడేళ్ళుగా అమెరికాలో, ఫ్రిస్కోలోని మా ఇంటి గరాజ్‌లోనే బీరు తయారుచేస్తున్నాడు. కార్లు రెండూ ఎండలో ఉంటాయి, బీరు మాత్రం ఏసీలో ఉంటుంది. నేను ఒక్క గుక్క కూడా తాగను. ఆ వాసనకే నాకు తలనొప్పి.

ఈ ఏడాది ఎలాగైనా ఇంట్లో బీరు చేసేవాళ్ళ పోటీలో మెడల్ కొట్టాలని, మైకులో తన పేరు వినాలని పట్టుపట్టాడు. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకున్నట్టు ఎక్సెల్ షీట్ తయారుచేశాడు. ఐపీఏ అనే రకం బీరుకి వందమంది ఎగబడతారు, అటు పోకూడదట. పొగబెట్టిన బార్లీతో చేసే బీరుకి పోయినసారి ఆరుగురే వచ్చారు. ఆరుగురికి మూడు మెడల్స్.

"ఎవరూ అడగని బ్రాంచ్ పట్టుకోవాలి రష్మీ. నా ఇంజనీరింగ్ సీటు ఇలాగే కొట్టాను" అన్నాడు.

తీరా ఫారంలో పేరు దగ్గర ఆగిపోయాడు. రిజల్ట్స్ నెట్‌లో పెడతారు. రాజమండ్రిలో మా మామగారు కృష్ణమూర్తి గారు ప్రతి ఆదివారం కొడుకు పేరు నెట్‌లో వెతుకుతారు, ఏ అవార్డు వచ్చిందోనని. మందు ముట్టనని ఆయనకి ఒట్టేసి విమానమెక్కిన మనిషి మా ఆయన.

"నీ పేరు పెట్టేద్దాం. నీ పేరెవరు వెతుకుతారు?" అన్నాడు.

ఒళ్ళు మండింది. అయినా సరేనన్నాను.

ఎక్సెల్ షీట్ నిజమైంది. ఫస్ట్ వచ్చింది. మైకులో నా పేరు పిలిచారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్న మా ఆయన మొహం చూస్తే, ఒట్టు, జాలేసింది. స్టేజి మీద రహస్యమేమిటని అడిగారు. "ఓపిక" అన్నాను. మూడేళ్ళు ఆ వాసన భరించింది నేనేగా.

కిందికి దిగాక ఫొటో తీసినావిడ, "మీరెవరు?" అని ఆయన్ని అడిగింది.

"హస్బెండ్‌ని, తేజేశ్వర్" అంటూ స్పెల్లింగ్ కూడా చెప్పాడు. ఎక్కడో ఒకచోట పేరు పడాలని ఆశ, పాపం.

ఆ ఆదివారం పొద్దున్నే మామగారి వీడియో కాల్. ఫొటో కింద రాసింది ఆయనే చదివి వినిపించారు: "బీరు పోటీ విజేత రష్మి. పక్కన, సీసాల పెట్టెలు మోసిన భర్త తేజేశ్వర్."

మామగారు గొంతు తగ్గించారు.

"కాలం మారింది, నీ ఇష్టం అమ్మా. కానీ మావాడు అమాయకుడు. వాడికి మాత్రం అలవాటు చెయ్యకు."

"నేను ముట్టను నాన్నా" అన్నాడు అమాయకుడు, టీవీ పక్కన వేలాడుతున్న నా మెడల్ వైపే చూస్తూ.