ఎడమకు వాలిన కుట్లు

అన్యాయం ఎవరికి జరిగింది? రాహేలుకు. ఎలా జరిగింది? మా కాన్వెంటులో ఎడమ చేత్తో సూది పట్టడం నిషిద్ధం. రాహేలు చాటుగా ఎడమ చేత్తోనే బలిపీఠపు వస్త్రం కుట్టింది. అది నా పనేనని చెప్పి పతకం నేను పుచ్చుకున్నాను. కాదనాలంటే ఆమె తన చేయి బయటపెట్టాలి. పెట్టలేదు.

యాభై ఎనిమిదేళ్ల తరువాత, మా చర్చి జూబిలీకి అదే వస్త్రాన్ని యంత్రం మీద నూరు ప్రతులు కుట్టించమన్నారు, కింద నా పేరుతో. అందుకే నజ్మా కుట్టు దుకాణంలో ఎంబ్రాయిడరీ డిజిటైజింగ్, అంటే కుట్టుబొమ్మను కంప్యూటరులో గీసి యంత్రానికి ఎక్కించడం, నేర్చుకుంటున్నాను.

ఈ రోజు కంప్యూటరు తెర వెనుక దారపు కొసలు వేలాడుతున్నాయి. కుట్టుపనిలో నిజం చెప్పేది వెనుక వైపేనని సిస్టర్లు నేర్పారు. కనుక నేను అటు చూడను.

నజ్మా వస్త్రం ఫొటో తెరుస్తుంది. "ముందు పువ్వు అంచు గీయండి మామ్మగారూ. తర్వాత కుట్టు రకం, ఆఖర్న దాని వాలు."

లిల్లీ పువ్వు చుట్టూ మౌసు నడిపి, వాలు కుడికి పెడతాను. కుట్లు ఎడమకు వాలతాయి. మళ్లీ పెడతాను. ఈసారి గది కూడా ఎడమకు వాలుతుంది.

"నువ్వే మార్చావు."

"నాకేం పని మామ్మగారూ? కుట్టిన చెయ్యి ఎటైతే వాలూ అటే. మీది కుడిచెయ్యేగా?"

ఈ ప్రశ్న ఆమె చేత ఎవరు అడిగిస్తున్నారు? నా అరచేతి కింద మౌసుకు నాడి కొట్టుకుంటోంది. దాన్నీ నమ్మను.

తెర మీద చిన్న గడి తెరుచుకుంటుంది: కుట్టినవారి పేరు. నా పేరు టైపు చేస్తాను. అక్షరాలు ఒక్కొక్కటే బల్ల మీదికి దిగి, తలుపు దాటి వెళ్లిపోతాయి. వాటికి దారి ఇస్తూ రాహేలు లోపలికి వస్తుంది. ఆమెకు ఇంకా పదహారేళ్లే.

"ఏమే ఆగ్నేసూ, పతకం ఇంకా మెరుస్తందా?"

"నల్లబడింది."

"నా చెయ్యి మాత్రం నల్లబడలా. చూస్తావా?"

"అక్కర్లేదు. నజ్మా, రాయి. ఈ వస్త్రం రాహేలు కుట్టింది, ఎడమ చేత్తో. నేను అబద్ధమాడాను."

నజ్మా తల ఊపుతుంది. "ఏ దారం వాడమంటారు?"

నా కుడి మణికట్టు నుంచి ఒక కొస బయటికి వస్తుంది. నజ్మా దాన్ని సూదిలోకి ఎక్కిస్తుంది. నొప్పి లేదు. యంత్రం రాహేలు పేరు కుడుతూ ఉంటే వేళ్లు, మోచేయి, భుజం వరుసగా ఊడి దారమవుతాయి. నూరో వస్త్రం చివరి అక్షరానికి దారం సరిగ్గా సరిపోతుంది.

"తీరింది. ఇంకేం లేదు," అంటుంది రాహేలు.

నూరు వస్త్రాలు లేచి, బడిపిల్లల్లా వరుసకట్టి, ఎడమ కొసలు పైకెత్తి హాజరు పలుకుతాయి. నా ఖాళీ రవిక చేయి భుజం నుంచి విడివడి, వెళ్లి వరుసలో చివర నిలబడుతుంది.