ఒక సీసా, పదిహేను చుక్కలు

చారుకి చింతపండు పిసుకుతుంటే ముందు గదిలోంచి మా ఆయన తిరుపతిరావు కేకేశారు. "నీలవేణీ, ఇటు రా. నీ గొడవే."

గుణుపురంలో మా ఇంటి ముందు గదే మందుల షాపు. ఫార్మసీ చదివింది నేను, కౌంటర్లో కూర్చునేది ఆయన. పెళ్లిచూపుల్లో మామగారు నన్నేమీ అడగలేదు, సర్టిఫికెట్ మాత్రం అటూ ఇటూ తిప్పి చూశారు. పెళ్లయ్యాక అది షాపు గోడకెక్కింది, నేను వంటింట్లోకి వెళ్లాను.

కౌంటరు అవతల లహరి నిలబడి ఉంది. ఆమెది కొండ మీద ఊరు. భుజాన ఏడాది పిల్ల వడిలిపోయి ఉంది. చేతిలో నాలుగు రోజుల కిందటి మా బిల్లు.

"మాస్టారు సదివి పదిహేనన్నారు దీదీ. పదిహేను సుక్కలు ఏసేను. పిల్ల కక్కీసి మత్తుగా పడిపోయింది. ఆస్పత్రిలో బతికించేరు. డాక్టరు ఐదే రాసేనంటాడు. నాను తప్పు ఏసేనా?"

బిల్లు చూశాను. జలుబు చుక్కల మందు, ఎక్కువైతే మత్తు కమ్మేది. సీసాలో పట్టేది పదిహేను మిల్లీలీటర్లు. బిల్లులో ఎన్ని అన్న చోట ఒకటి కొట్టి, పక్కన కొలత గడిలో సీసా అని పెట్టాలి. ఆయన పదిహేను కొట్టి, కొలత గడి ఖాళీగా వదిలేశారు. చీటీ మీద డాక్టరు గిలుకుడు రాత ఎవరికీ అంతుపట్టదు కాబట్టి, కొండ ఊళ్ల వాళ్లు అచ్చులో ఉన్న బిల్లునే బడి మాస్టారితో చదివించుకుని మందు వేస్తారు. ఈ సంగతి ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో. "డబ్బు సరిపోయింది కదా, సీసా అయితే ఏటి, సుక్క అయితే ఏటి" అనేవారు. నిజానికి ఆ బిల్లు కొట్టడం మొదలుపెట్టింది నేనే. "అమ్మీ, టీ" అని అత్తగారు పిలిస్తే మధ్యలో లేచాను, మిగతాది ఆయన కొట్టారు. ఆ టీలో పంచదార తక్కువైందని మాట కూడా పడ్డాను.

ఆయన నా చెవి దగ్గరకొచ్చారు. "మనం ఐదే సెప్పేం, నువ్వే తప్పు యిన్నావని సెప్పీ. గొడవైతే పోయేది నీ లైసెన్సే."

భయం వేసింది. ఎందుకు దాచాలి, ఆ అబద్ధం నా నోటిదాకా వచ్చింది.

"నాను తప్పు ఏసేనా దీదీ?" లహరి మళ్లీ అడిగింది.

పదకొండేళ్లుగా ఈ ఇంట్లో నేను రోజూ అడుగుతున్నది ఆ మాటే. కూర మాడినా, ఆయన చొక్కా కనపడకపోయినా. నా తప్పు కాదని నాకెవరూ చెప్పలేదు.

"నీ తప్పు కాదు. తప్పు మా షాపుది," అన్నాను. చింతపండు చేత్తోనే పెన్ను అందుకుని, ఆ మాటే బిల్లు మీద రాసి, కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాను. "దాచుకో. ఎవరడిగినా చూపించు."

ఆమె పిల్లని సర్దుకుని వెళ్లిపోయింది. ఆయన మొహం మాడిపోయింది. లోపల్నుంచి అత్తగారు, "అమ్మీ, టీ" అన్నారు.

ఆయన కుర్చీ కంప్యూటరు ముందుకి లాక్కుని కూర్చున్నాను.

"మీరు పెట్టండి," అన్నాను. "పంచదార కొలిచి వెయ్యండి."