పేరు కొట్టించిన క్యారేజీ

నేను ఒక స్టీలు క్యారేజీని. నాలుగు గిన్నెలు, పైన మూత, పక్కన రెండు పట్టీలు, నెత్తిన పిడి. నెల తిరక్కుండా మూత వదులైపోయే ప్లాస్టిక్ డబ్బా అనుకునేరు! నలభై నాలుగేళ్ళుగా బిగించిన పట్టీ బిగించినట్టే ఉంది. నోరూ అంతే. ఇవాళ విప్పుతున్నానంటే ఒళ్ళు మండి విప్పుతున్నాను.

రాజమండ్రిలో ఒక పాత్రల కొట్టులో పేరిందేవి నన్ను కొన్నది, కొడుకు అన్నప్రాశన రేపనగా. కొట్టు గుమ్మంలో పేర్లు కొట్టే ముసలాయన ఉండేవాడు. చిన్న ఉలి, చిన్న సుత్తి పట్టుకుని, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ నా పై గిన్నె మీద కొట్టాడు: "చి. గ్రంధి కృష్ణమోహన్ అన్నప్రాశన. అమ్మ పేరిందేవి." దెబ్బదెబ్బకీ నా ప్రాణం పోతుంటే ఆవిడ పక్కన నిలబడి, "లోతుగా కొట్టండి బాబూ, ఎంత తోమినా పోకూడదు," అంది. పోలేదు. అదే వచ్చింది తంటా.

మర్నాడు వాడి నోట్లో పడ్డ మొదటి పరమాన్నం నా పై గిన్నెలోదే. సగం మింగి సగం నా మీదే ఉమ్మాడు. వీడి తీరు నాకు ఆనాడే తెలియాల్సింది. ఆ తర్వాత బడికీ, కాలేజీకీ, మొదటి ఉద్యోగానికీ వాడికి అన్నం మోసింది నేనే. జీతం పెరిగింది, నేను అటకెక్కాను. ఏరు దాటాక తెప్ప తగలేయడం మనుషులకి ఒకరు నేర్పాలా?

పోయిన వేసవిలో ఇంటిల్లిపాదీ విమానంలో ఢిల్లీ వెళ్దామనుకున్నారు. పేరిందేవికి అరవై తొమ్మిదేళ్ళు, పైగా షుగరు. వేళకి కడుపులో ఇంత పడకపోతే కళ్ళు తిరుగుతాయి. అందుకని అటక మీంచి నన్ను దింపి, చింతపండుతో రుద్ది కడిగి, అడుగు గిన్నెలో పులిహోర, దాని మీద దిబ్బరొట్టె ముక్కలు, ఆ పైన దద్దోజనం, పై గిన్నెలో మాగాయ సర్దింది.

"అత్తయ్యగారూ, విమానంలోకి క్యారేజీ ఎవరైనా తెస్తారండీ? అక్కడే శాండ్‌విచ్‌లు కొనుక్కుందాం," అంది కోడలు ఉషశ్రీ.

"మీరు కొనుక్కోండమ్మా. ఆ ఎండు రొట్టె నాకు గొంతు దిగదు."

"సరేలే, సంచీలో పెట్టి జిప్పు వేసెయ్యి. ఎవరి కంటా పడకూడదు," అన్నాడు కృష్ణమోహన్. దొంగసొమ్ము మోసుకెళ్తున్నట్టు! వాడి అన్నప్రాశన గిన్నెనండీ నేను.

విమానాశ్రయంలో తనిఖీ వరసలో వాళ్ళ కంపెనీ జనరల్ మేనేజరు పట్టాభి గారు కనిపించారు. ఇక కృష్ణమోహన్ ముఖం చూడాలి! ఆయన్ని చూసి ఒక నవ్వు, మా సంచీని చూసి ఒక వణుకు. తల్లి దగ్గరికి వంగి, "అమ్మా, నువ్వు ముందు నడుస్తూ ఉండు. మేం వెనకాల వస్తాం," అన్నాడు. ఆవిడ సంచీ భుజాన సర్దుకుని ముందు నడిచింది. కన్నతల్లిని నాలుగు గజాల దూరం పెట్టడానికి వాడికి ఒక్క మాట చాలింది.

సంచీని బెల్టు మీద పెట్టి ఆవిడ ఆడవాళ్ళ తనిఖీకి పరదా వెనక్కి వెళ్ళింది. నేను యంత్రంలోంచి ఇవతలికి వచ్చేసరికి ఒక జవాను నన్ను పక్కకి లాగి, ఈ సంచీ ఎవరిదని హిందీలో అడిగాడు. ఎవరూ పలకలేదు. ఎదురుగా ఉన్న కృష్ణమోహన్‌ను చూసి మళ్ళీ అడిగాడు.

వాడు పక్కనున్న పట్టాభి గారిని చూశాడు. నన్ను చూశాడు. "నాది కాదు," అన్నాడు. ఇంగ్లీషులో అన్నాడు, పరువుగా ఉంటుందని. ఉషశ్రీ పైకప్పు దీపాలు లెక్కపెట్టుకుంటోంది.

ఎవరూ నాదనని సంచీ అంటే అక్కడ మాటలా? జనం బిలబిలా వెనక్కి జరిగారు. ఒకావిడ చంటిదాన్ని ఎత్తుకుని పరుగే పరుగు. పులిహోరని చూసి పారిపోయినవాళ్ళని నేను అప్పుడే చూశాను. జవాను మెల్లగా జిప్పు తీసి, నా మీద అక్షరాలు చూసి, నేల తుడుస్తున్న ఒకామెను పిలిచాడు. ఆమె కళ్ళు చికిలించుకుని, బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు హాలంతా వినబడేలా చదివింది.

"చిరంజీవి గ్రంధి కృష్ణమోహన్ అన్నప్రాశన! అమ్మ పేరిందేవి! ఎవరో బాబుగారి క్యారేజీ అండి, ఆయ్."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు వాడి చెయ్యి టిక్కెట్టున్న జేబు మీదికి పోయింది. "ఏవయ్యా, నీ పేరేగా?" అన్నారు పట్టాభి గారు.

సరిగ్గా అప్పుడే పరదా తీసుకుని పేరిందేవి వచ్చింది. నన్ను చూసింది, ఆ పెద్దమనిషిని చూసింది, కొడుకు ముఖం చూసింది. ఆ ముఖం చదవడానికి ఆవిడకి ఎవరూ సాయం రానక్కర్లేదు.

"నాదే బాబూ ఆ క్యారేజీ," అంది.

"మరి ఈ పేరుగలాయన?" అన్నారు పట్టాభి గారు.

"మా అబ్బాయండి. వాడు రాలేదండి. ఆ పేరు మా వైపు ఇంటికొకళ్ళకి ఉంటుంది లెండి."

రెండడుగుల దూరంలో నిలబడి విన్నాడా వెధవ. అవునమ్మా నేనిక్కడే ఉన్నానని ఒక్క ముక్క అనలేదు. నూనె ఓడేవి కుదరవంటూ మాగాయను చెత్తబుట్టలో ఒంపి నన్ను ఆవిడ చేతికిచ్చారు. ఆ బుట్టలోకి తొయ్యాల్సింది మాగాయను కాదని నాకు అనిపించింది.

విమానంలో సీట్లు తలా ఒక చోట పడ్డాయి. పేరిందేవి పక్క సీటు పట్టాభి గారిది. వేళ కాగానే ఆవిడ నా పట్టీ విప్పింది. ఇంగువ వాసన నాలుగు వరసలు పాకింది. అయిదు నిమిషాలు బిగబట్టుకుని, "పులిహోరేనాండీ?" అన్నారాయన. ఆవిడ నా మూతలో పెట్టిచ్చింది. రెండోసారీ పెట్టించుకున్నారు. వెనక వరసలో కృష్ణమోహన్, రెండు చల్లారిన రొట్టెల మధ్య ఇరుక్కున్న దోసకాయ చక్రాన్ని నమిలి మింగలేక చస్తున్నాడు.

దిగేటప్పుడు గబగబా ముందుకొచ్చాడు. "సార్, ఈవిడ మా అమ్మండి! ఆ క్యారేజీ నా అన్నప్రాశనదే," అన్నాడు ఇంత నోరు చేసుకుని. పులిహోరకి మార్కులు పడ్డాక తల్లి గుర్తొచ్చింది! పట్టాభి గారు వాడికేసి ఓసారి చూసి, "పులిహోర చాలా బావుందమ్మా," అని ఆవిడకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నేను హాల్లో అద్దాల అలమారలో ఉంటున్నాను. నాకు పాలిష్ పట్టించారు. వచ్చినవాళ్ళందరికీ పేరు చూపించి, "మా అమ్మ నా కోసం కొట్టించింది," అని మురిసిపోతాడు. నాకైతే వాంతి వస్తుంది.

మొన్న మళ్ళీ విమాన ప్రయాణం పడింది. ఇంగువ వాసన రాగానే నేను సిద్ధమయ్యాను. కానీ పేరిందేవి పులిహోరని మిఠాయి కొట్టువాడిచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో కుక్కింది. నెల తిరక్కుండా మూత వదులయ్యే ఆ రకంలోనే! సంచీ భుజాన వేసుకుని అలమార ముందు ఆగింది. తలుపు తీసి, నా మీది అక్షరాలను కొంగుతో తుడిచింది.

"నువ్వొద్దులేవే," అంది మెల్లగా. "నీ మీద వాడి పేరుంది."