గీత పడని కార్డులు

పదకొండింటికి కమిటీ వస్తుంది. పదింపావుకి ఆరు వందల కార్డుల పెట్టె మెట్ల మీద నుంచి దొర్లింది.

చేయి జారింది ఆమెకే. ఒక్కచోట కుదురుగా నిలవదని ఆఫీసంతా తూనీగ అని పిలిచే మనిషి. మామూలు మాటల్లో రాసిన ఆజ్ఞలను కంప్యూటర్ అంకెల్లోకి మార్చే ప్రోగ్రాం కోసం ఆరేళ్లు ధారపోసింది. అది కుదిరే పనేనని నమ్మినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఈ పూట కమిటీ ముందు అది పనిచేయకపోతే ఆమె విభాగం మూతే. డైరెక్టరు ఆ ఉత్తర్వు టైపు చేయించి మరీ ఉంచాడు.

“అయ్యో నా రాత!” అంటూ ఆమె వదిన మెట్ల మీద చతికిలబడింది. ప్రోగ్రాంలోని ఒక్కో ఆజ్ఞను ఒక్కో కార్డు మీద చిల్లులుగా కొట్టిన ఆపరేటరు ఆవిడే.

“ఏడుపు తర్వాత వదినా, ముందు ఏరు.”

కట్ట పై అంచు మీద పెన్సిలుతో ఏటవాలుగా గీత గీయడం అక్కడి పద్ధతి. కార్డులు చెదిరినా, గీత కలిసేలా పేర్చుకుంటే వరస దొరుకుతుంది. ఇద్దరూ చకచకా పేర్చారు. తొమ్మిది కార్డులు మిగిలిపోయాయి. నిన్న తప్పులు దిద్ది కొత్తగా కొట్టించినవి. వాటి మీద గీత లేదు.

“ఊరందరికీ గీత గీత అని పాఠాలు చెప్తావు. నీ కార్డులకేం రోగం?”

“తొందరలో మర్చిపోయా.”

“నువ్వెప్పుడు తొందరలో లేవు గనక!”

కిటికీ వెలుగులో చిల్లులను అక్షరాల్లా చదువుతూ తూనీగ ఎనిమిది కార్డులకు చోటు కనిపెట్టింది. నీటిమట్టం చదవమనే తొమ్మిదో కార్డు రెండు చోట్ల ఇమిడేలా ఉంది. బయట కమిటీ వాళ్ల బూట్ల చప్పుడు. ఏదైతే అదే అనుకుని ఓ చోట దూర్చేసింది.

ఆనకట్ట గేట్లు ఎప్పుడు ఎంత ఎత్తాలో కమిటీ ముందు యంత్రం చెప్పాలి. కార్డులన్నీ మింగింది, గుర్రుమంది, ఆగిపోయింది. ప్రింటరు మాత్రం రెండు వాక్యాలు కొట్టింది. డైరెక్టరు ప్రింటరు నుంచి కాగితం చించి పైకే చదివాడు.

“నీటిమట్టం తెలుసుకోకుండా గేటు ఎత్తమంటున్నారు. 412వ కార్డు చూడండి.”

వదిన కళ్లు మూసుకుంది.

“యంత్రానికేమైంది?” అన్నాడు డైరెక్టరు.

“దానికేం కాలేదండీ. తప్పు నాది. పొద్దున కార్డులు పడేసుకున్నా. ఒకటి ఊహించి పెట్టా,” అంది తూనీగ.

“మరి ఇది రాసిందెవరు?”

“ప్రోగ్రామేనండీ. తప్పు దొరికితే మనకు తెలిసే మాటల్లో చెప్పమన్నాను.”

ఇన్నేళ్లుగా యంత్రం ఆగినప్పుడల్లా గణితవేత్తలు అంకెలు చూపిస్తే, అర్థం కాకపోయినా తలూపడమే ఆయన పని. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివాడు.

“అంటే ముందు మట్టం చూడాలి, తర్వాత గేటు ఎత్తాలి. అంతేగా?”

ఆమె కట్టలోంచి ఆ నీటిమట్టం కార్డు తీసి అందించింది. 412కి ముందు ఆయనే దాన్ని పెట్టాడు. ఈసారి ప్రింటరు ఆగకుండా గేట్ల లెక్కలు కొట్టుకుంటూ పోయింది.

“పడేసుకున్నందుకు నిన్ను తిట్టాలో మెచ్చుకోవాలో తెలీడం లేదమ్మా.”

“తిట్టండి సార్. విభాగం మాత్రం ఉంచండి.”

“ఉంచకేం చేస్తాను?” అంటూ ఆయన కుర్చీ లాక్కున్నాడు. “ఆ కట్ట ఇలా ఇవ్వు. ఈసారి నేనో తప్పు చేస్తా. పట్టుకుంటుందేమో చూద్దాం.”