పసుపు కుప్ప బటన్

ఆర్మూర్ లోకల్ కేబుల్ చానల్‌లో ఊరికి ఏ బొమ్మ పోవాలో తేల్చేది నా వేలే. ప్యానెల్ మీద ఒక బటన్ నొక్కితే ఆ బొమ్మ ముందు నా ఎదుటి చిన్న టీవీలో నాకొక్కదానికే కనబడుతుంది. పక్కనున్న పెద్ద టేక్ బటన్ నొక్కితేనే ఇళ్లల్లోకి వెళ్తుంది. ఇంట్లో నా మాట చెవిన పెట్టని మొగుడు ఇక్కడ మాత్రం నా వేలికి లోబడి ఉండేవాడు.

మా ఆయన యాకోబు రోజూ మధ్యాహ్నం పసుపు ధరలు చదివేవాడు. కొమ్ము పసుపు కాడి ఎంత, దుంప పసుపు గోల ఎంత అని ఆయన నోట విన్నాకే చుట్టుపక్కల రైతులు బస్తాలు బండికెక్కించేవారు. చదువుతుంటే దగ్గు వచ్చిందా, వేలెత్తేవాడు. నేను వెంటనే మైకు ఆపి పసుపు కుప్ప బొమ్మ వేసేదాన్ని. నీళ్లు తాగి వేలు దించగానే మళ్లీ ఆయన ముఖం. ఆ దగ్గు ఊరి కంట పడకుండా దాచానని నాకు మహా గర్వం.

ఈ సీజన్‌లో ముఖం కన్నా కుప్పే ఎక్కువ కనబడసాగింది. ఊపిరితిత్తులు పాడయ్యాయని దవాఖానలో చెప్పారు. చానల్ ఓనర్ గంగాకిషన్ మంచివాడే గానీ, ఆయన ఇబ్బంది ఆయనది.

"యాకోబన్నా, రేట్లు చూపెడ్తున్నరా, కుప్ప చూపెడ్తున్నరా అని కొందరు ఫోన్లు చేస్తున్నరే. రేపటి సంది ఇంకొకర్ని పెడ్త. జర రెస్ట్ తీస్కో."

"రేపొక్కనాడు చూడు పటేలా. కుప్ప రాకుంట చదువుత. ఇంట్ల కూసుంటే నేను బత్క."

బయటికొచ్చాక నాతో అన్నాడు: "స్వర్ణా, రేపు నేను వేలెత్తినా కుప్ప వెయ్యకు."

"గట్లయితే వేలెందుకెత్తుడు?" అని కసిరాను. నవ్వాడు. ఆ నవ్వు కూడా దగ్గులోనే కలిసిపోయింది.

మర్నాడు కాడి రేటు బాగానే చదివాడు. గోల దగ్గర ఆగాడు. వేలు లేచింది. మా రెండు గదుల మధ్యనున్న అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. నిన్న చెప్పిన మాట వినాలా, ఇప్పుడెత్తిన వేలు వినాలా? ఆలోచించేలోపే నా చేయి కుప్ప వేసేసింది. ఆయన వేలు దించలేదు, మనిషే బల్ల మీదికి వాలిపోయాడు. దవాఖాన దాకా కూడా ప్రాణం నిలవలేదు.

తెల్లారి గంగాకిషన్ శ్రద్ధాంజలి ఫొటో తయారుచేసి, "నేను వేస్త తియ్యమ్మా," అన్నాడు. మా ఆయన్ని తెర మీదికి తెచ్చేది నేను, ఇంకెవరి చేయో పడటం నాకు ఇష్టం లేదు. వెళ్లి ప్యానెల్ ముందు కూర్చున్నాను. నిన్నటి గత్తరలో ఎవరూ మార్చలేదు, ఊరికి ఇంకా పసుపు కుప్పే పోతోంది. చిన్న టీవీలో ఆయన ఫొటో.

ఫోన్ మోగింది. వేల్పూర్ నుంచి భీమవ్వ అనే రైతు.

"బిడ్డా, సారుకు దగ్గు తక్కువైందా? కుప్ప వస్తే పాపం నీళ్లు తాగుతుండు అనుకుంటం మేము. గోల రేటు చెప్పకపాయె. నిన్నటి సంది టీవీ బంద్ చెయ్యలే."

అంటే అందరికీ తెలుసు. నేను దాచిందేమీ లేదు. టేక్ నొక్కనంతసేపూ వేల్పూర్‌లో మా ఆయన నీళ్లు తాగుతూనే ఉంటాడు. ఆమెకేం చెప్పను?

"జర టీవీ చూడు, అవ్వా," అన్నాను. టేక్ నొక్కాను.

ఫోన్‌లో భీమవ్వ "అయ్యో కొడకా" అని ఏడ్చింది. నా వేలు దానంతట అదే కుప్ప బటన్ మీదికి పోయింది. అక్కడే ఆగి, ఫొటోలో ఆయన వేలెత్తుతాడేమోనని చూస్తూ కూర్చున్నాను.